గాంధారము ఎక్కడిది?

ముప్పది యేండ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పినవాడిని. ఏటేటా ధ్వని పాఠము వచ్చేది. వీణ మీద షడ్జమును, వేణువు మీద అదే షడ్జమును పలికించినపుడు చెవికి తేడా ఏల తెలియుచున్నది? నాదగుణము వలన. నాదగుణమునకు కారణమేమి? మూలస్వరముతో కూడి పలుకు అతిస్వరములు. ఈ మాటలు నల్లబల్ల మీద వ్రాసేవాడిని. పిల్లలు పుస్తకములలోనికి ఎక్కించుకొనేవారు. పరీక్షలో మార్కులు వచ్చేవి. ఒకనాడు తొమ్మిదవ తరగతి అమ్మాయి లేచి, "మాస్టారూ, ఆ అతిస్వరాలు ఎట్లా ఉంటాయండీ? మీరు విన్నారా?" అని అడిగినది. "పరీక్షలో అది అడగరమ్మా, కూర్చో" అన్నాను. తరగతి నవ్వినది. ఆ అమ్మాయి కూర్చున్నది. నేను వినలేదన్న సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలియును.

ఉద్యోగవిరమణ చేసిన తరువాత ఆ బాకీ తీర్చు అవకాశము విచిత్రముగా వచ్చినది. మా మనుమడు తన పాత కంప్యూటర్‌ను నాకిచ్చి, అందులో "సర్జ్ ఎక్స్‌టీ" అను సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌ను ఉంచిపోయినాడు.

సింథసైజర్ అనగా ధ్వనిని కూర్చి పుట్టించు యంత్రము. ఒకప్పుడది తీగలతో, మీటలతో నిండిన బీరువావలె ఉండేది. ఇప్పుడు యంత్రమంతయు లెక్కగా మారి కంప్యూటర్‌లో కూర్చున్నది. సెకనుకు 44,100 చొప్పున అంకెలు పుట్టును. అవియే విద్యుత్తుగా మారి స్పీకరును కదల్చును. ఈ మార్గమును తెరచినవాడు అమెరికాలో బెల్ ప్రయోగశాలల ఇంజనీరు మాక్స్ మాథ్యూస్. 1957లో ఆయన వ్రాసిన ప్రోగ్రాముతో ఐబీఎం 704 కంప్యూటర్ పలికించిన తొలి సంగీతము 17 సెకండ్లు మాత్రమే. సర్జ్‌ను క్లాస్ యోహాన్సన్ అనునాయన నిర్మించి తొలుత వెలకు అమ్మినాడు. 2018లో దాని సోర్స్ కోడును లోకమునకు విడిచిపెట్టినాడు. తరువాత స్వచ్ఛందముగా పనిచేయువారు పెంచి, 2022లో నేటి రూపమిచ్చినారు. కావలసినవారు ఉచితముగా దించుకొనవచ్చును.

మా యింట ఒక తంబురా ఉన్నది. మా యింటావిడ పుట్టినింటినుండి తెచ్చుకొన్నది. ఆ నాదమునే ఈ యంత్రములో పుట్టించి చూడవలెనని సంకల్పించినాను. సిద్ధము చేసిన నాదములు అందులో కొల్లలుగా ఉన్నవి. వాటిని తాకక, వట్టి తరంగముతో మొదలుపెట్టినాను.

మొదట సైన్ తరంగము. అందులో మూలస్వరము తప్ప మరేమియు లేదు. చప్పిడి కూడువలె ఉన్నది. తరువాత రంపపు పళ్లవంటి తరంగము. ఇందులో అతిస్వరములన్నియు వరుసగా ఉండును. అది కందిరీగవలె మ్రోగినది. వడపోత బిగించి పై స్వరములను తగ్గించినాను. మీటగానే పుట్టి, మెల్లగా అణగునట్లు దిద్దినాను. వంటింటినుండి మా యింటావిడ, "ఏమండీ, శంఖం ఊదుతున్నారా?" అన్నది.

మూడవనాడు "స్ట్రింగ్" అను విభాగమును పట్టినాను. దీనికి మూలము 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ అనువారు ప్రకటించిన ఉపాయము. రవ్వంత గరగర శబ్దమును అంకెల వలయములో వదలుదురు. అది తిరిగిన ప్రతి చుట్టులోను ప్రక్కప్రక్క అంకెల సగటు తీయుటవలన గరుకు తగ్గి నునుపెక్కును. ఇంతమాత్రముననే మీటిన తీగ పలుకు వచ్చుట ఆశ్చర్యము. ఈమారు ఆమె గుమ్మములోనికి వచ్చి విన్నది. "తీగ వచ్చింది. జీవ రాలేదు" అన్నది.

ఆ మాట అలంకారము కాదు. తంబురాలో తీగలను మోయు వెడల్పాటి గుఱ్ఱము మీద, తీగ క్రింద ఉంచు నూలుపోగును సవరించి పుట్టించు గుణమునే పాడేవారు జీవ అందురు. పోగు కుదిరినపుడు తీగ గుఱ్ఱపు వంపును తాకీ తాకక కదలును. అతిస్వరములు ఒకదాని వెంట ఒకటి విచ్చుకొనును. తీగను మీటినచోట కదలిక ఉండని అతిస్వరములు పలుకరాదని ఐరోపా శాస్త్రజ్ఞుల నియమము. మన వీణ, తంబురాలు ఆ నియమమునకు లోబడవని 1921లో సి.వి.రామన్ చూపినారు.

కావున నా యంత్రములోని వడపోత నిలిచియుండుటయే దోషము. మరల రంపపు తరంగమునకు వచ్చి, వడపోతను సన్నని కిటికీవలె చేసి, క్రిందినుండి పైకి మెల్లగా జరిపినాను. మంద్రషడ్జమునకు సెకనుకు 100 కంపనములనుకొందము. 200 వద్ద షడ్జము వచ్చినది. 300 వద్ద పంచమము, 400 వద్ద మరల షడ్జము. కిటికీ 500 వద్దకు చేరగానే, ఎవ్వరును మీటని అంతరగాంధారము సన్నగా, స్పష్టముగా పలికినది. నా చేయి ఆగిపోయినది. ముప్పదియేండ్లు బల్లమీద వ్రాసిన మాట మొదటిసారి చెవిని పడినది.

మా యింటావిడ ప్రక్కన కూర్చున్నది. "ఇదే. శ్రుతి కుదిరిన తరువాత నాకు రోజూ వినిపించేది ఇదే. మీకు వినబడటం లేదని నాకు తెలియదు" అన్నది.

ఆ గాంధారము నిలిచియుండగా, మెట్ల వరుసలోని గాంధారమును కూడ నొక్కినాను. రెండును సెకనుకు సుమారు నాలుగుమార్లు ఉబ్బుచు తగ్గుచు కొట్టుకొన్నవి. ఇవియే పాఠములోని విస్పందనములు. స్థాయిని పండ్రెండు సమభాగములు చేసిన మెట్లలో ఆ గాంధారము 504 వద్ద ఉండును. తీగలోని గాంధారము 500 వద్దనే ఉండును. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును బహిష్కరించుటకు చెప్పిన కారణములలో ఈ శ్రుతిభేదము కూడ ఒకటి. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. హార్మోనియము మెట్టును మార్చలేము. ఈ యంత్రములో స్వరస్థానములను చిన్న పత్రముగా వ్రాసి ఇవ్వవచ్చును. గాంధారము వద్ద 5/4 అని వ్రాసినాను. కొట్లాట ఆగినది.

ఈ యంత్రము తంబురా అయినదా? కాలేదు. ఎంత దిద్దినను నా నాదము ప్రతి మీటుకు ఒక్క తీరుననే విచ్చుకొన్నది. చేతి మీటు ఏ రెండుసార్లును ఒక్కటిగా ఉండదు. మా యింటావిడ పాటకు తంబురానే దించుకొనుచున్నది. మెట్టు నొక్కి గమకము పలికించుట కూడ నా వలన కాలేదు. అయినను, ధ్వనిని విప్పి చూపుటకు ఇంత చవకయైన ప్రయోగశాల నేనెరుగను. కంప్యూటరు ఉన్న బడికి దీనికై వేరు ఖర్చు లేదు. ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి: సిద్ధనాదములు వినిపించి పిల్లలను మురిపింపకండి. వట్టి తరంగము చేతికిచ్చి, తమ ఇంట ఎరిగిన ఒక శబ్దమును, గుడిగంటనో, ఇత్తడి బిందెనో, కూర్చి చూడుమనండి. కుదరనపుడే చెవి పనిచేయ నారంభించును.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడున్నదో తెలియదు. ఆమె కూడ ఎక్కడనో పాఠము చెప్పుచుండవచ్చును. ఈ పుట ఆమె కంటబడినచో నా జవాబు ఇది: విన్నానమ్మా. ఆలస్యముగా విన్నాను. అయిదవది గాంధారము.