కింద అంగడి, పైన ఇల్లు

చార్మినారు నుండి లాడ్ బజారు గాజుల దుకాణముల నడుమగా పడమరకు నడచి, చౌకులోని గడియార స్తంభమును దాటి మరికొంత ముందుకు పోయినచో హుస్సేనీ ఆలం చేరుదుము. ఇమాం హుస్సేను పేరిట నిలిపిన ఆలమును, అనగా పీరును బట్టి ఈ పేటకు ఆ పేరు వచ్చినది. దారి పొడవునను తలయెత్తి చూచినచో మనకొక సంగతి కనబడును. కింద అంగడి, పైన ఇల్లు. కింద బేరము సాగుచుండగా పైన పిట్టగోడ మీద బట్టలు ఆరుచుండును. ఈ ఏర్పాటు మనకు ఎంత పాతదనగా, దానికొక పేరు పెట్టవలెనని కూడ మనకు తోచలేదు.

నేటి వాస్తుశిల్పులు దీనికి మిశ్రమ వినియోగ భవనమని పేరు పెట్టిరి. ఒకే కట్టడములో దుకాణములు, కార్యాలయములు, నివాసములు లేక హోటళ్లు కలిసి ఉండుటయే దీని లక్షణము. చీనా దేశములోని షాంఘై నగరమున, హువాంగ్పూ నదికి తూర్పున, ఇట్టి ఆకాశహర్మ్యములు మూడు ఒకదాని ప్రక్కన నొకటి నిలిచియున్నవి. 1999లో 88 అంతస్తుల జిన్ మావ్ భవనము, 2008లో 492 మీటర్ల ప్రపంచ ఆర్థిక కేంద్రము, 2015లో 632 మీటర్ల ఎత్తున 128 అంతస్తుల షాంఘై టవరు పూర్తియైనవి.

ఈ మూడవదానిని ఒక మేడ యనుటకంటె, తొమ్మిది పేటలను ఒకదానిపై నొకటి పేర్చిన పట్టణమనుట సబబు. ఒక్కొక్క పేటలో పన్నెండు మొదలు పదునైదు వరకు అంతస్తులు కలవు. అడుగున దుకాణములు, నడుమ కార్యాలయములు, ఆపైన హోటలు, శిఖరమున నగరమును చూచు వేదిక ఉన్నవి. ఇట్లు కలుపుటలో లాభమేమి? కార్యాలయము పగలు నిండి రాత్రి ఖాళీయగును. హోటలు రాత్రి నిండును. దుకాణమునకు సాయంకాలము రద్దీ. ఒకరు వాడని వేళ మరియొకరు వాడుటచే అవే దారులు, అవే నేలమాళిగలు, అవే యంత్రములు రోజంతయు పనికివచ్చును. వీధి ఏ వేళను నిర్మానుష్యము కాదు. మన లాడ్ బజారు ఈ లాభమును లిఫ్టులు పుట్టకముందే ఎరుగును.

ఆ మాటకు వచ్చినచో మన చార్మినారే ఒక మిశ్రమ వినియోగ కట్టడము. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ సౌధమునకు అడుగున నాలుగు తోరణముల క్రింద నాలుగు దిక్కుల వీధులు కలియును. పై అంతస్తున మసీదు కలదు. 1889లో నాలుగు ముఖములకు గడియారములు అమర్చగా బజారునకు వేళ చెప్పు పనియు దానికి అబ్బినది.

ఈ పద్ధతిని ప్రభుత్వమే పూనుకొని చక్కగా కట్టించిన ఉదాహరణము పత్తర్‌గట్టి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరమును ముంచెత్తినది. పిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు వాడలను విప్పి వెడల్పు వీధులు వేయసాగినది. మచిలీ కమాను నుండి మూసీ వైపునకు పోవు వీధికి ఇరుప్రక్కల రాతి కమానుల వరుసను లేపినది. కమానుల చాటున నడకదారి, దాని వెనుక అంగళ్లు, వానిపైన నివాసములు. ఎండ తగులకుండ బేరమాడవచ్చును, బండ్ల బెడద లేకుండ నడువవచ్చును. కాలక్రమమున పై నివాసములలో కొన్ని సరుకుల గదులైనవి.

ఇంతవరకు మనము మెచ్చుకొంటిమి. ఇక మనలను నిలదీయు మాటకు రావలెను. పత్తర్‌గట్టికి కూతవేటు దూరములో గుల్జార్ హౌజు కలదు. 2025 మే 18వ తేదీ, ఆదివారము తెల్లవారుజామున, అక్కడ ఒక రెండంతస్తుల పాత కట్టడములో అగ్ని పుట్టినది. కింద అంగళ్లు, పైన కుటుంబము. పదునేడుగురు మరణించిరి, వారిలో ఎనమండుగురు పిల్లలు. లోనికి పోవు దారి సొరంగము వలె రెండు మీటర్ల వెడల్పు, పైకెక్కు మెట్లదారి ఒక్క మీటరు అని అగ్నిమాపక శాఖ తెలిపినది. వేరొక దారి లేదు. మంటలకంటె పొగయే ఎక్కువ ప్రాణములను తీసినది.

దీని కారణము సులభముగానే బోధపడును. వేడెక్కిన పొగ తేలికయై పైకి పోవును. కింద అగ్ని పుట్టినప్పుడు మెట్లదారియే దానికి పొగగొట్టమగును. ఏ దారిన మనుష్యులు దిగవలెనో ఆ దారిననే పొగ ఎక్కును. కాబట్టి అంగడి, ఇల్లు ఒకచోట నుండుట దోషము కాదు. రెండింటికిని ఒకే మార్గముండుటయే దోషము.

షాంఘై మేడలో మనము నేర్వవలసినది ఎత్తు కాదు, ఈ వివేకము. అక్కడ అంగడికి వచ్చువాని ద్వారము వేరు, హోటలు అతిథి ద్వారము వేరు. ఒక పేటకును మరియొక పేటకును నడుమ ఆశ్రయపు అంతస్తులు కలవు. పొగ చొరని ఆ చోట జనులు నిలిచి సాయము కొరకు వేచియుండవచ్చును. మెట్లగదులలోనికి యంత్రములతో గాలిని నింపి పొగను వెలుపలనే నిలువరింతురు. కలిపి కట్టుటకు ముందు వారు విడదీయుట నేర్చిరి.

మన పాతబస్తీ ఇండ్లకు అట్టి యంత్రములు అక్కరలేదు. మెట్ల మీద అట్టపెట్టెలు పేర్చకుండుట, మేడ మీది తలుపునకు రాత్రి తాళము వేసినను తాళపుచెవి అందరికిని తెలిసిన చోట నుంచుట, ప్రక్కింటి డాబా మీదికి దాటు దారిని ఇరుగుపొరుగువారు మాటాడుకొని ఏర్పరచుకొనుట, పాత విద్యుత్తు తీగలను పరీక్ష చేయించుట, కిటికీ ఇనుపచట్రమునకు లోపలినుండి తెరచు వీలు పెట్టించుట, ఇవి చాలవరకు మన చేతిలోని పనులే. ఇరుకు సందులలోనికి రాగల చిన్న అగ్నిమాపక వాహనములు, నీటి గొట్టములు మాత్రము ప్రభుత్వము చూడవలసినవి.

ఇండ్లను వీధినుండి తరిమివేసి అంగళ్లను మాత్రమే మిగుల్చుట పరిష్కారము కాదు. అట్లు చేసినచో రాత్రి తొమ్మిది దాటగనే వీధి గొడ్డుపోవును. దీపము వెలుగు కిటికీ ఒకటి పైనున్నచో, కిందనున్న అంగడికి అంతకు మించిన కావలి లేదు. ఆ కిటికీ వెనుక నిదురించు పిల్లలు దిగివచ్చుటకు రెండవ మెట్లదారి కలదా? హుస్సేనీ ఆలంలో గాని, మరెక్కడ గాని, అంగడి పైన కాపురమున్న ప్రతివారును ఈ రాత్రియే తమ ఇల్లు ఒకమారు కలయజూచుకొందురు గాక.