పందెంలో ఒడ్డేది ఎవరి ప్రాణం?

ఇంగ్లండుకూ ఐర్లండుకూ మధ్య సముద్రంలో మాన్ అనే చిన్న దీవి ఉన్నది. ఏటా మే నెలాఖరున అక్కడ రోడ్లు మూసివేస్తారు. నిన్నటిదాకా బస్సులూ, కార్లూ, బడిపిల్లలూ తిరిగిన ఆ రోడ్లమీద మోటారు సైకిళ్ళు గుండ్లలాగా దూసుకుపోతాయి. ఇవే టూరిస్ట్ ట్రోఫీ పందాలు. వీటిని నిషేధించాలని కొందరూ, కూడదని కొందరూ చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఇద్దరి మాటా విని, ఎవరిది న్యాయమో మీరే ఆలోచించండి.

ఈ పందాలు 1907లో మొదలైనాయి. ఆ రోజుల్లో ఇంగ్లండు రోడ్లమీద ఏ మోటారు బండీ గంటకు 20 మైళ్ళకు మించి పోరాదని చట్టం ఉండేది. మాన్ దీవికి మాత్రం స్వంత శాసనసభ ఉన్నది. పందాలకోసం రోడ్లు మూయవచ్చునని అది 1904లోనే చట్టం చేసింది. అందుచేత పందెగాళ్ళు సముద్రం దాటి అక్కడికి చేరారు. మొదటి ఏడు గెలిచినవారిలో అధిక వేగంతో పోయినవాడి సగటు గంటకు 38 మైళ్ళు. 2023లో ఒకడు అక్కడే ఒక చుట్టును సగటున గంటకు 136 మైళ్ళ వేగంతో పూర్తిచేశాడు!

చుట్టు అంటే చిన్నది కాదు. దాదాపు 38 మైళ్ళు. అందులో 200కు పైగా మలుపులున్నాయి. దారి ఊళ్ళమధ్యగా, రాతిగోడల పక్కగా సాగి, కొండ ఎక్కి దిగుతుంది. అందరూ ఒక్కసారిగా బయలుదేరరు. పది సెకండ్లకు ఒకడు చొప్పున బయలుదేరి, గడియారంతో పోటీపడతారు.

ఇందులో ప్రమాదమెంతో లెక్కవేసి చూద్దాం. బండి వేగం రెట్టింపైతే, తగిలే దెబ్బలోని శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. వేగం మూడింతలైతే శక్తి తొమ్మిదింతలు! గంటకు 136 మైళ్ళ వేగంతో పోయేవాడు గోడకు కొట్టుకుంటే, సుమారు 620 అడుగుల ఎత్తునుంచి నేలమీద పడినట్టే. ఎనిమిది కొబ్బరిచెట్లను ఒకదానిమీద ఒకటి నిలబెట్టి, ఆ చివరినుంచి పడటం ఊహించుకోండి. పందాలకోసమే కట్టిన మైదానాల్లో పడినవాడు జారిపోవటానికి ఖాళీ జాగా వదులుతారు. ఈ రోడ్డుపక్కన ఇళ్ళూ, గోడలూ, స్తంభాలూ ఉన్నాయి.

అందుకే 1911 మొదలు ఈ దారిమీద జరిగిన పందాలలోనూ, వాటి సాధనలోనూ 250 మందికి పైగా చనిపోయారు. 2022లో ప్రాణాలు కోల్పోయిన ఆరుగురిలో ఒక తండ్రీ కొడుకూ ఉన్నారు. వారిద్దరూ ఒకే బండిమీద పోతున్నారు.

నిషేధించాలనేవారికి ఇంతకన్న ఏం కావాలి?

కాని రెండవ పక్షంవారు ఇలా అంటారు: "కొండలెక్కేవారు చనిపోవటం లేదా? కొండలెక్కటం నిషేధించామా? తెలిసి, ఇష్టపడి పోయేవాణ్ణి ఆపే హక్కు ఎవరికున్నది?"

ఆ "ఇష్టపడి" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఇటలీ దేశపు జాకొమో అగోస్తినీ ఈ దీవిలో పదిసార్లు గెలిచిన మహా పందెగాడు. 1972లో వానలో జరిగిన పందెంలో అతని స్నేహితుడు చనిపోయాడు. ఇకమీదట ఇక్కడ పోటీచెయ్యనని అగోస్తినీ చెప్పేశాడు. ఆ కాలంలో ప్రపంచ ఛాంపియన్ కావటానికి ఇక్కడి పందెం కూడా లెక్కకు వచ్చేది. కనుక ఇష్టంలేనివారు సైతం రావలసి వచ్చేది. ఇతరులు కూడా రామనటంతో 1976 తరవాత దీన్ని ప్రపంచ పోటీలనుంచి తీసివేశారు. ఆపైన ఆ బలవంతం పోయింది.

అయినా వచ్చేవారు వస్తూనే ఉన్నారు. ఉత్తర ఐర్లండువాడైన జోయీ డన్లప్ ఇక్కడ 26 పందాలు గెలిచాడు. 2000లో ఎస్తోనియా దేశంలో మరొక పందెంలో చనిపోయాడు. అతని తమ్ముడు రాబర్ట్ 2008లో తమ దేశంలోనే ఒక పందానికి సాధన చేస్తూ మరణించాడు. రెండు రోజులకు, అదే చోట, రాబర్ట్ కొడుకు మైకేల్ పందెంలో దిగి గెలిచాడు! 2018లో మైకేల్ సోదరుడు విలియం కూడా ఇంకొక రోడ్డు పందెంలో పోయాడు. మైకేల్ మానలేదు. 2024లో పెదనాన్న గెలుపుల లెక్కను దాటాడు. అతని ధైర్యానికి ఆశ్చర్యపడతాం. కాని ఒక ఇంటిలో మూడు దీపాలు ఆరిపోయాయని మరవగలమా?

ప్రమాదం పందెగాడితో ఆగదు కూడా. 2007లో అదుపుతప్పిన బండి తగిలి, చూడవచ్చిన ఇద్దరు చనిపోయారు. వారు పందెం కాయలేదు.

నాకు తోచినది చెబుతాను. తన ప్రాణాన్ని తాను ఒడ్డేవాణ్ణి వద్దని బతిమాలవచ్చు. చట్టంతో కట్టివెయ్యటం అంత సులభంగా న్యాయమనిపించుకోదు. ఇతరుల ప్రాణాన్ని ఒడ్డే హక్కు మాత్రం ఎవరికీ లేదు. కనుక పందెం ఉండాలంటే రోడ్డు మూయాలి, చూసేవారిని దూరంగా నిలపాలి, ప్రతి చావునుంచీ ఒక పాఠం నేర్చుకోవాలి.

మన దేశంలో ప్రభుత్వం వ్రాతపూర్వకంగా ఒప్పుకోనిదే రోడ్లమీద వేగపు పందాలు నడపరాదని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. మన వీధిలో అన్నయ్యలు సరదాకు పందెం వేసినప్పుడు ఏ రోడ్డూ మూసి ఉండదు. కూరలు కొనుక్కుని వచ్చే అవ్వను ఎవరూ అడగరు, "నీ ప్రాణం ఒడ్డుతున్నాం, సరేనా?" అని.

ఈ రాత్రి భోజనాలవేళ మీ అమ్మానాన్నలతో ఈ సంగతి వాదించి చూడండి.