ఏమీ తెరవకపోయినా కంప్యూటర్‌కి అంత పనేమిటి?

టాస్క్ మేనేజర్‌లో ఏదో ఒక ప్రోగ్రామ్ పక్కన 12.5 శాతం అని ఉండి, ఆ అంకె ఎంతసేపు చూసినా పెద్దగా కదలకపోతే, చిన్న సంఖ్యే కదా అని వదిలెయ్యకండి. ఇళ్లలో వాడే చాలా కంప్యూటర్లలో ప్రాసెసర్, అంటే లెక్కలన్నీ చేసే చిప్పు, ఒకేసారి ఎనిమిది పనులు చేయగలదు. వందను ఎనిమిదితో భాగిస్తే వచ్చేది 12.5. ఎనిమిది పొయ్యిలున్న వంటింట్లో ఒక పొయ్యి గిన్నె లేకుండా పెద్ద మంట మీద మండుతోందన్నమాట. ఎక్కడో చిక్కుకుపోయిన ప్రోగ్రామ్ చాలాసార్లు ఇలాగే ఒక్క పొయ్యిని పట్టుకుని వదలదు. మీ యంత్రంలో పొయ్యిలెన్నో ‘పెర్ఫార్మెన్స్’ ట్యాబ్‌లో ‘లాజికల్ ప్రాసెసర్స్’ అన్నచోట ఉంటుంది. అక్కడ 4 ఉంటే అనుమానించాల్సిన అంకె 25. పదహారుంటే ఆరు పైచిలుకు.

టాస్క్ మేనేజర్ కావాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కాలి. నేను చెప్పేదంతా విండోస్ 10, 11 గురించే. తెరిచిన వెంటనే కనిపించే పెద్ద అంకెలు చూసి కంగారు పడొద్దు, ఆ జాబితా తయారుచేసేదీ ప్రాసెసరే. ఒక్క నిమిషం ఆగితే నిలకడైన అంకెలు కనిపిస్తాయి.

‘డీటెయిల్స్’ ట్యాబ్‌లో సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ అనేది 94 శాతం తింటోందని చాలామంది హడలిపోతారు. అది తినడం కాదు, ఖాళీ. ప్రాసెసర్ ఎంత తీరిగ్గా ఉందో చెప్పే అంకె అది. ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

ఎవరూ ముట్టుకోనప్పుడు ఫ్యాన్ హోరెత్తడం, మౌస్ కదపగానే చల్లబడటం ఇంకో వింత. దీనికి కారణం చాలావరకు విండోస్ సొంత ఇంటిపని. ఆటోమేటిక్ మెయింటెనెన్స్ అంటారు. మార్చకపోతే దాని వేళ రాత్రి 2 గంటలు. ఆ సమయానికి మన కంప్యూటర్లు ఎటూ ఆపేసి ఉంటాయి కాబట్టి, పగలు మీరు భోజనానికి లేచినప్పుడు ఆ పని మొదలుపెడుతుంది. మీరొచ్చి కూర్చోగానే తప్పుకుంటుంది. దీన్ని దాని మానాన వదిలెయ్యండి.

ఇక అసలు విషయం. శాతం అనేది ఆ క్షణపు లెక్క. చూసినప్పుడు ఉన్నది తరవాత ఉండకపోవచ్చు. నన్నడిగితే దానికన్నా నమ్మదగిన అంకె ‘సీపీయూ టైమ్’. ఒక ప్రోగ్రామ్ మొదలైనప్పటి నుంచి ప్రాసెసర్‌ను మొత్తం ఎంతసేపు వాడుకుందో చెప్పే ఖాతా అది. మామూలుగా కనిపించదు. ‘డీటెయిల్స్’ ట్యాబ్‌లో వరసల శీర్షిక మీద కుడి క్లిక్ చేసి, ‘సెలెక్ట్ కాలమ్స్’లో దాన్ని ఎంచుకోవాలి. ముందు కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చాలదు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉన్న యంత్రాల్లో షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం పూర్తిగా ముగియదు, నిద్రపోతుంది. రోజూ రాత్రి ఆపేస్తున్నా ‘అప్ టైమ్’ దగ్గర పదకొండు రోజులని కనిపించేది అందుకే. ఉదయం ఎనిమిదికి రీస్టార్ట్ చేసి, పన్నెండుకి చూశారనుకుందాం. గడిచింది నాలుగు గంటలు. బ్రౌజర్ ఖాతాలో 12 నిమిషాలుంది, పాత ప్రింటర్‌తో వచ్చిన ఏదో సాఫ్ట్‌వేర్ ఖాతాలో 3 గంటల 50 నిమిషాలుంది. ఆ ఉదయం మీరు ఒక్క కాగితం కూడా ప్రింట్ తీయలేదు. దొంగ ఎవరో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

‘ప్రాసెసెస్’ ట్యాబ్‌లో ఒక అంకె, ‘డీటెయిల్స్’లో ఇంకో అంకె ఎందుకని అడగొచ్చు. మొదటిది ప్రాసెసర్ వేగాన్ని కూడా కలిపి లెక్కేసేది, రెండోది సమయాన్ని మాత్రమే. విండోస్ 11కు 2025లో వచ్చిన మార్పుతో రెండూ ఒకే పద్ధతిలోకి వచ్చాయి.

జాబితాలో పైన కనిపించేవారిలో ఎక్కువమంది నిర్దోషులే. విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్ అప్‌డేట్ల పని చూస్తుంది. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు అమెరికా కాలమానం ప్రకారం రెండో మంగళవారం వస్తాయి కాబట్టి, మనకు ఆ బుధ, గురువారాల్లో దాని సందడి ఎక్కువ. యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అంటే విండోస్‌తో వచ్చే డిఫెండర్. వేళ పెట్టుకుని చేసే తనిఖీల్లో సగటున 50 శాతం దాకా వాడుకునేలా దాన్ని అమర్చారు. సర్వీస్ హోస్ట్ అని పదుల సంఖ్యలో కనిపించేవి విండోస్ సేవలు నడిచే గూళ్లు. ఏది ఎక్కువ తింటోందో దాని పక్కనున్న బాణం నొక్కితే లోపలి సేవ పేరు తెలుస్తుంది. బలవంతంగా ఆపే ముందు కుడి క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ చూడండి. విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32కి వెళ్తే సరే. అదే పేరు పెట్టుకుని డౌన్‌లోడ్స్‌లోనో, టెంప్‌లోనో ఉంటే మాత్రం అనుమానించాలి.

ఆ అనుమానం ఎక్కువగా మైనర్ల మీద. మన ప్రాసెసర్‌తో ఎవరికోసమో క్రిప్టో నాణేలు సంపాదించే దొంగ ప్రోగ్రామ్‌లివి. 2017 సెప్టెంబరులో మొదలై 2019 మార్చిలో మూతపడ్డ కాయిన్‌హైవ్ కాలంలో, వెబ్‌సైట్ తెరిస్తే చాలు, ఆ పని మొదలయ్యేది. 2018లో ఆంధ్రప్రదేశ్ పురపాలక సైట్లు కొన్నింట్లో కూడా ఇలాంటి కోడ్ దొరికింది. ఇప్పుడవి ఎక్కువగా దొంగ సాఫ్ట్‌వేర్, ఉచిత యాక్టివేటర్ల వెంట వస్తున్నాయి. 65 వాట్ల ప్రాసెసర్‌ను రాత్రింబవళ్లు ఉరికిస్తే రోజుకు ఒకటిన్నర యూనిట్, నెలకు 47 యూనిట్ల దాకా. బిల్లు పై స్లాబులోకి ఎక్కడానికి కొన్ని ఇళ్లలో అది చాలు. వీటిలో కొన్ని టాస్క్ మేనేజర్ తెరవగానే నక్కుతాయి. గుర్తు ఏమిటంటే, మౌస్ కదిపినా ఆగని హోరు టాస్క్ మేనేజర్ తెరిస్తేనే ఆగుతుంది. అప్పుడు విండోస్ సెక్యూరిటీలోని ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ రీస్టార్టయి, విండోస్ మామూలుగా లేవకముందే తనిఖీ జరుగుతుంది. పావుగంట పని.

ప్రోగ్రామ్‌లన్నీ ఖాళీగా ఉండి, ‘సిస్టమ్ ఇంటరప్ట్స్’ ఒకటి రెండు శాతం దాటి నిలిచిపోతే తప్పు పరికరానిదో, దాన్ని నడిపే డ్రైవర్‌దో. యూఎస్‌బీకి తగిలించినవన్నీ ఒక్కొక్కటిగా పీకుతూ, ఏది పీకితే అంకె పడిపోయిందో చూడండి.

ఎవరూ దొరకలేదా? ‘పెర్ఫార్మెన్స్’ ట్యాబ్‌లో ‘స్పీడ్’ను ‘బేస్ స్పీడ్’తో పోల్చండి. బేస్ 2.4 గిగాహెర్ట్జ్ ఉండి, పని భారంలో కూడా స్పీడ్ 0.8 దగ్గరే కూలబడితే, మామూలు పనికే మూడు రెట్ల సమయం పడుతుంది, సమయం లెక్కన చూపే శాతం వందకు చేరొచ్చు. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి ఇలా నెమ్మదిస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు తమది కాని చార్జర్ పెట్టినా ఇదే చేస్తాయి. చార్జర్ సరైనదే అయితే గాలి రంధ్రాల్లో దుమ్ము చూడండి. కంప్యూటర్ ఆపేసి, బ్లోయర్ కొట్టేటప్పుడు లోపలి ఫ్యాన్ గిర్రున తిరక్కుండా సన్నని పుల్లతో ఆపి పట్టుకోవాలి.