బంతికి లేని అంటు కప్పుకెందుకు?

జాతీయ క్రికెట్ జట్టును ప్రకటించిన ప్రతిసారీ ఎవరో ఒక యువ స్పిన్నర్ గురించి చర్చ మొదలవుతుంది. దేశవాళీ పోటీల్లో ఇన్ని వికెట్లు తీస్తుంటే ఎందుకు తీసుకోలేదని కొందరు అడుగుతారు. ఇంకా రాటుదేలాలి, తొందరేమిటని మరికొందరంటారు. రెండు పక్షాలవారూ ఒక విషయంలో మాత్రం ఏకీభవిస్తారు: ఆటలో ప్రతిభే కొలమానం, కులానికి అక్కడ చోటులేదు. ఈ మాటను ఎవరైనా ప్రశ్నిస్తే, ఆటలోకి కులాన్ని లాక్కొచ్చారన్న నింద తప్పదు. అయితే కులాన్ని ఆటలోకి ఎవరూ కొత్తగా లాక్కురానక్కరలేదు. భారత క్రికెట్ తొలి దశలోనే ఎంపికపై జరిగిన ఒక పెద్ద వివాదం ఒక యువ స్పిన్నర్ చుట్టూ, కేవలం ఆయన కులం మీద నడిచింది.

ఆ స్పిన్నర్ పేరు పల్వంకర్ బాలూ. 1876లో ధార్వాడ్‌లో చమార్ కుటుంబంలో జన్మించారు. తండ్రి సైన్యంలో పనిచేయడంతో పుణెలో పెరిగారు. క్రికెట్ మైదానంలోకి ఆయన ఆటగాడిగా రాలేదు, పనివాడిగా వచ్చారు. పార్శీల క్లబ్‌లో పిచ్ ఊడ్చి, రోలర్ లాగినందుకు నెలకు మూడు రూపాయల జీతం. అక్కడినుంచి యూరోపియన్ల పూనా క్లబ్‌కు మారాక అది నాలుగు రూపాయలైంది. నెట్లు కట్టడం, గీతలు గీయడం, దొరలు బ్యాటింగ్ సాధన చేసేటప్పుడు బంతులు వేయడం ఆయన పని. జె.జి. గ్రెగ్ అనే ఆంగ్లేయ బ్యాటర్ మిగతావారికంటే గంట ముందే వచ్చి బాలూ చేత బంతులు వేయించుకునేవారట. తనను ఔట్ చేసిన ప్రతిసారీ ఎనిమిదణాలు ఇచ్చేవారని చెబుతారు. ఎడమచేతి స్పిన్‌లో బాలూకు పదును వచ్చింది ఆ నెట్లలోనే. వందల గంటలు బంతులు వేయించుకున్న ఆ క్లబ్ ఆయన చేతికి బ్యాట్ మాత్రం ఇవ్వలేదు. బౌలింగ్ చాకిరీ, బ్యాటింగ్ దర్జా. వర్ణవ్యవస్థలోని శ్రమ విభజన ఆ మైదానంలో ఇరవై రెండు గజాల నేలమీద యథాతథంగా కనిపిస్తుంది.

ఇంతలో పుణె హిందువులు యూరోపియన్లతో తలపడాలనుకున్నారు. గెలవాలంటే ఈ స్పిన్నర్ కావాలి. తీసుకోవచ్చా? చరిత్రకారుడు రామచంద్ర గుహ భారత క్రికెట్ సామాజిక చరిత్రపై 2002లో వెలువరించిన గ్రంథంలో ఈ ఘట్టాన్ని వివరంగా నమోదు చేశారు. క్లబ్‌లోని కొందరు తెలుగు సభ్యులు బాలూను తీసుకోవాలని పట్టుబట్టారు. స్థానిక మరాఠీ బ్రాహ్మణ సభ్యులు వ్యతిరేకించారు. చివరకు గ్రెగ్ కలుగజేసుకుని, ఇలాంటి బౌలర్‌ను వదులుకుంటే హిందువులంతటి మూర్ఖులు ఉండరన్న అర్థం వచ్చేలా పత్రికలకు చెప్పారు. అప్పుడు తలుపు తెరుచుకుంది.

బాలూ ప్రతిభపై ఆ వాదనలో ఎవరికీ అనుమానం లేదు. ఆయన బంతి ఎలా తిరుగుతుందో వ్యతిరేకించినవారికీ తెలుసు. అయినా ప్రతిభ తనంతట తాను నెగ్గలేకపోయింది. ఒక తెల్లదొర పూచీపడాల్సి వచ్చింది, క్లబ్ లోపల కొందరు నోరు విప్పాల్సి వచ్చింది. పైగా ఆ చోటు కూడా సగమే. మైదానంలో అందరూ ఆయన ముట్టిన బంతినే ముట్టుకున్నారు. టీ విరామం రాగానే సహచరులు పెవిలియన్ లోపల పింగాణీ కప్పుల్లో తాగితే, బాలూకు బయట మట్టి ముంతలో పోశారు. భోజనానికి వేరే పళ్లెం, వేరే బల్ల. చేతులు కడుక్కోవాలన్నా మైదానం మూలన మరో అస్పృశ్య సేవకుడు వచ్చి నీళ్లు పోయాలి. బంతికి లేని అంటు కప్పుకు ఎక్కడినుంచి వచ్చింది? బంతి వారికి గెలుపు తెచ్చిపెడుతుంది, కప్పు సమానత్వం అడుగుతుంది. తేడా అంతే. బాలూ కోసం వాదించిన తెలుగు సభ్యులను చూసి మనం పొంగిపోనవసరం కూడా లేదు. విరామ సమయంలో వారు లేచి బయటికి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నారని ఆ చరిత్ర చెప్పడం లేదు.

తర్వాత బాలూ బొంబాయికి చేరారు. 1906 ఫిబ్రవరిలో అక్కడ హిందూ జట్టు యూరోపియన్లను 109 పరుగుల తేడాతో ఓడించిన మ్యాచ్‌లో ఎనిమిది వికెట్లు ఆయనవే. 1911లో పాటియాలా మహారాజు నాయకత్వంలో ఇంగ్లండ్ వెళ్లిన తొలి అఖిల భారత జట్టులో ఆయనకూ, తమ్ముడు శివరామ్‌కూ చోటు దక్కింది. ఆ జట్టు గెలిచినవాటికంటే ఓడిన మ్యాచ్‌లే ఎక్కువ. బాలూ ఒక్కరే ఆ పర్యటనలో వందకుపైగా వికెట్లు తీశారు. మొత్తం మీద 33 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 179 వికెట్లు, సగటు పదిహేను చిల్లర. ఇంతకంటే అర్హత ఏం కావాలి?

అయినా హిందూ జట్టు నాయకత్వం ఆయనకు ఇవ్వలేదు. 1913లో కెప్టెన్ అయిన ఎం.డి. పై స్వయంగా, తనకంటే సీనియర్ అయిన బాలూకే ఈ గౌరవం దక్కాల్సిందని ఒక సన్మాన సభలో ఒప్పుకున్నారు. 1920లో పై అనారోగ్యంతో తప్పుకుంటే నాయకత్వం పుణె బ్రాహ్మణుడైన డి.బి. దేవధర్‌కు వెళ్లింది, బాలూను జట్టులోంచే తప్పించారు. నలభై నాలుగేళ్ల బౌలర్‌ను తప్పించడానికి క్రికెట్ కారణాలు ఉండవచ్చునని వాదించవచ్చు. కానీ అంతకుముందు దశాబ్దం పాటు నాయకత్వం నిరాకరించడానికి అలాంటి కారణమేదీ లేదు. తమ్ముళ్లు విఠల్, శివరామ్ కుల వివక్షను నిరసిస్తూ బహిరంగంగా ప్రకటన చేసి జట్టునుంచి వైదొలిగారు. ఫలితంగా చివరి మ్యాచ్‌కు బాలూను ఉపనాయకుడిగా పిలిచారు. పై మైదానం వీడిన కాసేపు ఆయనే జట్టును నడిపారు. 1923లో విఠల్ కెప్టెన్ అయ్యారు, హిందూ జట్టు గెలిచింది. అన్నకు దక్కనిది తమ్ముడికి దక్కింది, అదీ ఎదురుతిరిగాకే.

1932లో భారత్ తొలి టెస్టు ఆడినప్పుడు కెప్టెన్ నాగపూర్ తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు. ఆ పేరు మన ఇళ్లలో పిల్లలకూ తెలుసు. అదే సంవత్సరం పూనా ఒప్పందంపై సంతకం చేసిన బాలూ, 1937 బొంబాయి శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థిగా డాక్టర్ అంబేడ్కర్‌పై పోటీచేసి ఓడిన బాలూ మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడ ఉన్నారు? అంబేడ్కర్ రాజకీయాలతో ఆయన విభేదించారన్నది వేరే చర్చ. దేశపు తొలి గొప్ప స్పిన్నర్ ఒక దళితుడన్న వాస్తవాన్ని మరిచిపోవడం వల్లనే, క్రికెట్‌లో కులం లేదని ఇంత తేలిగ్గా అనగలుగుతున్నాం.

అదంతా గతం అనేవారి కోసం ఒక లెక్క. 1932 నుంచి అప్పటివరకు భారత పురుషుల టెస్టు జట్టుకు ఆడిన 290 మందిలో షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు నలుగురేనని ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో 2018లో వచ్చిన ఒక వ్యాసం తేల్చింది. 2011 జనగణన ప్రకారం వీరి జనాభా నూటికి పాతిక. ఆ నిష్పత్తిన డెబ్బై మందికి పైగా ఉండాలి. ఈ అంతరానికి ఎంపికదారుల దురుద్దేశమే కారణమని నేను అనడం లేదు. ఎంపిక సమావేశానికి చాలా ముందే వడపోత జరిగిపోతుంది. కిట్ ఎవరు కొనగలరు, పట్టణంలో అకాడమీ ఫీజు ఎవరు కట్టగలరు, వారాల తరబడి సాగే వయోవిభాగాల శిబిరాలకు కొడుకునో కూతురునో ఎవరు పంపగలరు, కోచ్‌కు ఎవరు తెలుసు అన్నచోటే సగం జట్టు ఖాయమవుతుంది. మిగిలినవారిలోంచి అత్యుత్తముణ్ని ఏరి, దానికి ప్రతిభ అని పేరు పెడుతున్నాం.

కోటాలతో ఆట నాణ్యత పడిపోతుందన్న భయాన్ని తీసిపారేయను. దక్షిణాఫ్రికా 2016లో సీజన్ సగటున ప్రతి జట్టులో ఆరుగురు శ్వేతేతరులు, వారిలో కనీసం ఇద్దరు నల్లజాతివారు ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. దానిపై అక్కడ ఇప్పటికీ వాదోపవాదాలు ఉన్నాయి. పదకొండు మందిలో కోటా సంగతి తర్వాత, ముందు నెట్లను పంచాలి. క్రికెట్ బోర్డు, రాష్ట్ర సంఘాలు తమ అకాడమీల్లో, శిబిరాల్లో, ఎంపిక సంఘాల్లో ఎవరున్నారో సామాజిక వివరాలతో ప్రకటించాలి. తెలుగు రాష్ట్రాల సాంఘిక సంక్షేమ గురుకులాల్లో పిచ్‌లు, అర్హులైన కోచ్‌లు, జిల్లా లీగ్‌లలో ఆడే అవకాశం కల్పించాలి. 2014లో ఆ గురుకులాల్లో చదువుతున్న పదమూడేళ్ల గిరిజన బాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. అంతకుముందు ఆమెలో ప్రతిభ లేదా? ఉంది. తాడు చేతికిచ్చినవారే లేరు.

కాబట్టి ఈసారి ఒక యువ స్పిన్నర్ జాతీయ జట్టుకు అర్హుడా కాదా అని వాదించుకునేటప్పుడు, వికెట్ల లెక్కతోపాటు మరో ప్రశ్న కూడా వేసుకుందాం. ఈ చర్చదాకా రాకుండానే ఆగిపోయిన స్పిన్నర్లు ఎవరు? వాళ్లు ఈ ఉదయం కూడా ఏదో మైదానంలో రోలర్ లాగుతూ, మరొకరి బ్యాటింగ్ సాధనకు బంతులు వేస్తూ ఉండవచ్చు. బాలూను చూడటానికి ఆనాడు కనీసం ఒక గ్రెగ్ గంట ముందు వచ్చారు. నూట పాతికేళ్ల తర్వాత కూడా ఆ చూసేవారికోసం ఎదురుచూడాల్సి రావడం ఈ దేశ క్రికెట్‌కు గౌరవం కాదు.