మాట మీద తెరచిన తలుపు

న్యూజెర్సీ రాష్ట్రమున మా అమ్మాయి యింట నున్న దినములలో, ఒక జూన్ మాసపు ఆదివారము సాయంకాలము, మన సరకులు అమ్ము దుకాణమొకదానిలో నేనొక దృశ్యమును చూచితిని. కందిపప్పు సంచుల వరుస చివర తెలుగు యువతి యొకతె, తోపుడుబండిలో గోంగూర కట్టలకును పెరుగు డబ్బాకును నడుమ బొచ్చుకుక్కపిల్ల నొకదానిని కూర్చుండబెట్టి తోసికొని వచ్చుచుండెను. దానికి ఎఱ్ఱని కోటు తొడిగియుండిరి. కోటు మీద ‘సర్వీస్ డాగ్’ అని తెల్లని అక్షరములు. ఎదుటినుండి నడివయసు అమెరికన్ ఒకాయన, చూపు బొత్తిగా లేనివాడు, పసుపు వన్నె లాబ్రడారుకు కట్టిన జీనుపిడిని ఎడమచేత పట్టుకొని, తొట్రుపాటు లేక, తిన్నగా నడచి వచ్చుచుండెను. బండిలోని కుక్కపిల్ల ఒక్కసారిగా లేచి, కీచుగొంతుతో మొరుగుచు, అంచు దాటి దూకబోయెను. లాబ్రడారు మొరుగలేదు, తల మాత్రము అటు త్రిప్పి, ఒక్క అడుగు ప్రక్కకు జరిగెను. ఆ ఒక్క అడుగుకే ఆయన భుజము అలమరకు తగిలి, ఊరగాయ సీసా యొకటి నేలబడి పగిలెను. ఆయన ఉన్నచోటనే నిలిచిపోయెను. పగిలినదేమో, గాజుపెంకులు ఏ దిక్కున నున్నవో, తన కుక్క పాదము ఎక్కడ మోపవలెనో ఆయనకు తెలియదు.

అంతలో దుకాణపు పనివాడు పరుగున వచ్చి, కుక్కలు రెండును తక్షణమే బయటికి పోవలెనని కేక వేసెను. ఆ యువతి క్రూరురాలు కాదు; కన్నులు చెమర్చియుండగా నా వంక తిరిగి, “ఎండ కదండీ అంకుల్! కార్లో ఉంచితే దాని ప్రాణం పోతుంది, ఇంట్లో వదిలితే ఒకటే ఏడుపు. ఈ కోటు ఆన్‌లైన్లో తెప్పించాం, ఇది వేస్తే ఎవరూ ఏమీ అడగరు” అని చెప్పెను. ఎవరును అడుగరు అన్న ఆ మాటయే నన్ను చాలా దినములు వెంటాడినది. ఎందుచేత అడుగరు? ఎక్కువ అడుగకూడదని ఆ దేశపు చట్టము ఏ తలంపుతో నిర్ణయించినది? ఆ తలంపును అపహరించినవారు ఎవరి సొత్తును అపహరించుచున్నారు?

లాబ్రడారుకు కట్టిన ఆ జీనుపిడి సామాన్యమైన వస్తువు కాదు. తాడు వంగును, పిడి వంగదు. కుక్క భుజము ఏ కొంచెము కుడికి మొగ్గినను, నడక ఏ కొంచెము మందగించినను, ఆ కదలిక పిడి వెంట వచ్చి మనుష్యుని అరచేతికి అందును. దారి తెలిసియుండవలసినవాడు మనుష్యుడే. ఎన్నవ వీధిలో తిరుగవలెనో, ఎక్కడ రోడ్డు దాటవలెనో ఆతడే లెక్కించుకొని ఆజ్ఞ ఇచ్చును. ట్రాఫిక్ దీపములను చూచి నిర్ణయించుట కుక్క పని కాదు. వాహనముల రొదను బట్టి ఇక దాటవచ్చునని ఆతడే ‘ఫార్వర్డ్’ అనును. ఆ క్షణమున కారొకటి మలుపు తిరిగి మీదికి వచ్చుచున్నచో, కుక్క ఆ ఆజ్ఞను పాటింపక నిలిచిపోవును. వివేకముతో కూడిన ఈ ధిక్కారమును నేర్పుటయే ఆ శిక్షణలోకెల్ల కఠినమైన భాగమని చెప్పుదురు.

అట్టి కుక్క ఊరక తయారగునది కాదు. ఎనిమిది వారముల పసికూనగా నున్నప్పుడే దానిని స్వచ్ఛందముగా పెంచు కుటుంబమున కప్పగింతురు. వారు ఏడాదికి పైగా తమ బిడ్డవలె సాకి, బస్సు లెక్కించి, సంతలో త్రిప్పి, మనుష్యుల నడుమ మెలగుట నేర్పి, తుదకు కన్నీటితో తిరిగి అప్పగింతురు. పిదప నాలుగు నెలల పాటు శిక్షకుని వెంట వీధులలో కఠినమైన అభ్యాసము. ఆ తరువాత చూపు లేని మనుష్యునితో కలసి మరి కొన్ని వారములు. ఇంత చేసినను తప్పిపోవు కుక్కలు పెక్కులు. నిలిచినది ఏడెనిమిదేండ్లు పనిచేయును. ఒక్కొక్క జంటను సిద్ధపరచుటకు పదులవేల డాలర్లు వ్యయమగును.

ఈ విద్యకు పుట్టిల్లు యుద్ధభూమి. మొదటి ప్రపంచయుద్ధమున విషవాయువుల చేతను, ఫిరంగుల చేతను చూపు గోల్పోయిన సైనికుల కొరకు జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ నగరమున 1916లో తొలి పాఠశాల వెలసెను. స్విట్జర్లాండున కుక్కలను పెంచుచుండిన డొరొతీ యూస్టిస్ అను అమెరికన్ వనిత ఆ జర్మన్ ప్రయత్నమును కన్నులారా చూచి, 1927 నవంబరున ఒక ప్రసిద్ధ అమెరికన్ వారపత్రికలో వ్యాసము వ్రాసెను. టెనెసీ రాష్ట్రపు నాష్‌విల్ నగరమున చూపు లేని మోరిస్ ఫ్రాంక్ అను ఇరువది యేండ్లు నిండని యువకునికి తండ్రి ఆ వ్యాసమును చదివి వినిపించెను. అట్టి కుక్కను తన కిప్పించినచో ఆ విద్యను తన దేశపు అంధులకెల్ల తెత్తునని ఆతడు ఆమెకు లేఖ వ్రాసి, 1928లో సముద్రము దాటి పోయి, ‘బడ్డీ’ అని తాను పేరుపెట్టుకొన్న ఆడకుక్కతో న్యూయార్కు రేవున దిగెను. పత్రికలవారు చూచుచుండగా, వాహనములు ముమ్మరముగా పరుగులు పెట్టు వెస్ట్ స్ట్రీట్‌ను ఆ కుక్క వెంట దాటి, ఆమెకు టెలిగ్రాము పంపెను. దానిలో నున్నది ఒక్కటే మాట: విజయము. మరుసటి యేడు జనవరిలో ‘ది సీయింగ్ ఐ’ సంస్థ నెలకొన్నది. అది కొలది యేండ్లకే న్యూజెర్సీలోని మోరిస్టౌన్ ప్రాంతమునకు తరలి, నేటికిని అచ్చటనే యున్నది. చూపు లేనివారినుండి ఆ సంస్థ తొలి కుక్కకు 150 డాలర్లు మాత్రమే పుచ్చుకొనును. అది కుక్క వెల కాదు, దానము పుచ్చుకొనుచున్నామను చిన్నతనము వారికి లేకుండుటకై పెట్టిన రుసుము. ఆ ఊరి నడుమ పచ్చిక మైదానము కడ ఫ్రాంకును, బడ్డీయును నిలిచియున్న కంచువిగ్రహము 2005 నుండి యున్నది. మా అమ్మాయి నన్ను కొనిపోయి చూపించినది.

వీధి దాటుట సాధ్యమైనది గాని గడప దాటుట సాధ్యము కాలేదు. రైళ్ళవారు కుక్కను సామానుపెట్టెలో వేయుమనిరి. హోటళ్ళవారు కుక్కతో రావద్దనిరి. ఫ్రాంక్ తన జీవితమున పెక్కు సంవత్సరములు ఊరూర తిరిగి, పెద్దలను ఒప్పించి, ఒక్కొక్క రాష్ట్రమున చట్టము చేయించుటకై పాటుపడవలసివచ్చెను. తుదకు 1990 జూలై 26న అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ సంతకము చేసిన వికలాంగుల హక్కుల చట్టము దేశమంతటికిని ఆ హక్కును స్థిరపరచినది. వినికిడి లేనివారికి తలుపు చప్పుడు తెలుపు కుక్కలు, మూర్ఛ వచ్చినపుడు తోడ్పడు కుక్కలు, మధుమేహ రోగికి రక్తములో చక్కెర పడిపోవుచున్నదని హెచ్చరించు కుక్కలు, యుద్ధపు పీడకలలనుండి మాజీ సైనికుని మేల్కొలుపు కుక్కలు, ఇవి యన్నియు ఆ హక్కు క్రిందికి వచ్చినవి. 2011 మార్చి నుండి అమలగు నిబంధనల ప్రకారము సేవాజంతువనగా కుక్కయే. పొట్టిజాతి గుఱ్ఱమునకు మాత్రము వేరుగా కొంత అవకాశమిచ్చిరి. యజమాని వైకల్యమునకు సంబంధించిన ఒక పనిని నేర్చియున్న కుక్కయే సేవాశునకము. ప్రక్కన నుండుటచే మనసునకు ఊరట కలిగించు పెంపుడుజంతువు, వైద్యుని ఉత్తరముతో అద్దె యింట నుండుటకు హక్కు పొందవచ్చును గాని, ఈ చట్టము క్రింద హోటలులోనికి వచ్చుటకు పొందదు.

దుకాణదారు అడుగదగిన ప్రశ్నలు రెండే. వైకల్యము కారణముగా అవసరమైన సేవాశునకమా యిది? ఏ పని చేయుటకు దీనికి శిక్షణ ఇచ్చితిరి? అంతకు మించి రోగమేమని అడుగరాదు, కాగితము చూపుమనరాదు, ఇచ్చట ఆ పని చేయించి చూపుమనరాదు. కోటుగాని బిళ్ళగాని ఉండవలెనను నియమము లేదు. ఇది చట్టములోని లొసుగని కొందరందురు, నాకట్లు తోచదు. కన్నులున్నవాడు ఏ కాగితమును చూపకయే కాఫీ త్రాగ పోవుచుండగా, కన్నులు లేనివాడు మాత్రము గడప గడపకును తన వైకల్యమును ఋజువు చేసికొనుచు పోవలెనా? పౌరుని మాటను నమ్ముదమని ఒక ప్రభుత్వము పూనుట నా దృష్టిలో గొప్ప మర్యాద.

ఆ మర్యాద మీదనే అంగడి వెలసినది. కొన్ని డాలర్లు చెల్లించినచో కోటు, బిళ్ళ, బంగారు అంచుగల ధ్రువపత్రము, ‘జాతీయ పట్టిక’లో కుక్క పేరు, అన్నియు టపాలో ఇంటికి వచ్చును. కేంద్ర ప్రభుత్వము నడుపు పట్టిక ఏదియు లేదు. ఆ పత్రములు హక్కునకు ఆధారము కానేరవని అమెరికా న్యాయశాఖ స్పష్టముగా చెప్పియున్నది. అయినను కొనువారు కొనుచునే యున్నారు. విమానములలో ఈ వింత పరాకాష్ఠ నందినది. మనసునకు తోడని ఒకరు నెమలిని వెంటబెట్టుకొని 2018 జనవరిలో నెవార్క్ విమానాశ్రయమునకు వచ్చిరి, విమానమువారు ఎక్కనీయలేదు. ఆ నెలలోనే డెల్టా సంస్థ, జంతువుల మలమూత్రములు, కాట్లు మొదలగు ఘటనలు 2016 నుండి 84 శాతము పెరిగినవని ప్రకటించినది. తుదకు 2021 జనవరి 11 నుండి విమానములలో శిక్షణ పొందిన కుక్కకు మాత్రమే సేవాశునకపు హోదా యనియు, దానికి గాను ప్రయాణికుని పత్రములు నింపి సంతకము చేయుమని విమాన సంస్థలు కోరవచ్చుననియు కేంద్ర రవాణాశాఖ శాసించినది. ఇందులో చూపు లేనివారి తప్పేమియు లేదు. పత్రములు నింపు భారము మాత్రము వారి మీదను పడినది. కల్ల చెప్పినవారి మూలమున నిజము చెప్పువారు అట్లు మూల్యము చెల్లించుచున్నారు.

రాష్ట్రములు దండనలు విధించినవి. ఫ్లారిడాలో 2015 నుండి ఇట్టి వంచనకు 60 దినముల వరకు జైలు, 500 డాలర్ల వరకు జరిమానా, దానికి తోడు వికలాంగులకు తోడ్పడు సంస్థలో 30 గంటల సేవ. కాలిఫోర్నియాలో ఆరు నెలల వరకు జైలు, వేయి డాలర్ల వరకు జరిమానా. కాని అడుగదగినవి రెండు ప్రశ్నలే యైనపుడు, రెండింటికిని కల్ల చెప్పగలవానిని పట్టుకొనుట సులభము కాదు. దండన కంటె నష్టమును ఎరుగుటయే మేలని తలచి దానిని చెప్పుచున్నాను. మొరిగి మీదికి దూకిన పెంపుడుకుక్క వలన కరువబడిన దారిచూపు కుక్క ఒక్కొక్కప్పుడు గాయము మానినను బెదురు మానక, ఇతర కుక్కలను చూచిన నడక తప్పి, పనికి స్వస్తి చెప్పవలసివచ్చును. దానితో ఆ యజమాని మరల కొత్త కుక్క కొరకు నెలల తరబడి కాచుకొనవలెను. అంతవరకు ఆతడు తెల్లకఱ్ఱతోడనే కాలము గడపును.

మన దేశమున దారిచూపు కుక్క అరుదు. అందుచేత అమెరికాకు పోయిన మనవారు కొందరు ఆ జీనుపిడిని గుర్తింపలేరు. కుక్కనగా అంటు, భయము అను తలంపుతో దుకాణదారులు నిజమైనదానినే త్రోసిపుచ్చుచున్నారు. కుక్కనగా బిడ్డ యను తలంపుతో మరి కొందరు పెంపుడుదానికి కోటు తొడుగుచున్నారు. మహాప్రస్థానమున ధర్మరాజు తన వెంట వచ్చిన శునకమును విడిచి స్వర్గరథ మెక్కనని నిలిచిన కథను మనమందరము చిన్ననాట విన్నవారమే. ఆయన దానిని కుక్కయనియే చెప్పెను. ఇంద్రుని కన్ను కప్పుటకు దానికి మరియొక పేరు పెట్టలేదు. దాని యందలి ప్రేమకు గాను స్వర్గమునే వదలుకొన సిద్ధపడెను.

అమెరికాలో దుకాణములును హోటళ్ళును నడుపు మన సోదరులు ఆ రెండు ప్రశ్నలను పనివారికి నేర్పవలెనని కోరుచున్నాను. అదుపు తప్పి మొరుగుచు యజమాని ఆపనిదానిని, నేల పాడుచేయుదానిని, కోటు ఉన్నను బయటికి పంపు అధికారము చట్టమే వారి కిచ్చినది. మనుష్యుని మాత్రము కుక్క లేకుండ వచ్చినచో ఆదరింపవలెను. మొరుగక నిలిచిన సేవాశునకమును పంపు అధికారము వారికి లేదు. ఆనాడు ఆ సంగతి నాకును తెలియదు. తెలిసియున్నచో నోరు విప్పియుందును. ఆ పెద్దమనిషి పగిలిన ఊరగాయ సీసా వెలను తానే చెల్లించి, సరకు లేవియు కొనకుండనే కుక్క వెంట బయటికి పోయెను.