ప్రోస్టేట్ క్యాన్సర్ వ్యాప్తిని పసిగట్టే పి.ఎస్.ఎం.ఏ. పెట్ స్కాన్

ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉన్నట్లు బయాప్సీలో నిర్ధారణ అయిన తరువాత, అది గ్రంథికే పరిమితమైనదా లేక శోషరస గ్రంథులకు, ఎముకలకు వ్యాపించినదా అన్నది తేల్చవలసి ఉంటుంది. చికిత్స యావత్తు ఈ నిర్ణయంపైనే ఆధారపడుతుంది. వ్యాధి అప్పటికే దూర అవయవాలకు పాకి ఉంటే గ్రంథిని తొలగించినంత మాత్రాన నయం కాదు. పైగా మూత్రంపై అదుపు తప్పడం వంటి దుష్ఫలితాలను రోగి భరించవలసి రావచ్చు.

ఈ నిర్ధారణకు చాలాకాలంగా సి.టి. స్కాన్, ఎముకల స్కాన్ వాడుకలో ఉన్నాయి. సి.టి. స్కాన్ ప్రధానంగా శోషరస గ్రంథి పరిమాణాన్ని బట్టి అంచనా వేస్తుంది. కనుక వాపు లేని చిన్న గ్రంథిలో క్యాన్సర్ కణాలున్నా అది కనిపెట్టలేకపోవచ్చు. ఎముకల స్కాన్ చూపేది క్యాన్సర్‌ను కాదు, ఎముకలో కలిగిన మార్పును. కీళ్లవాతం, పాత విరుగుళ్లు సైతం అందులో మచ్చలుగా కనబడతాయి.

పి.ఎస్.ఎం.ఏ. పెట్ స్కాన్ పద్ధతి వేరు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల ఉపరితలంపై పి.ఎస్.ఎం.ఏ. అనే ప్రోటీన్ అధికంగా ఉంటుంది. దానికి అంటుకునే పదార్థానికి గాలియం-68 వంటి రేడియోధార్మిక మూలకాన్ని జోడించి సూది ద్వారా రక్తంలోకి ఎక్కిస్తారు. కణాలు చేరినచోటు స్కాన్‌లో వెలుగుతుంది. గాలియం-68 అర్ధాయువు 68 నిమిషాలే కనుక దానిని తయారైన వెంటనే వాడవలసి ఉంటుంది.

ఆస్ట్రేలియాలోని 10 కేంద్రాలలో, వ్యాధి వ్యాపించే ముప్పు అధికంగా ఉన్న 302 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2020లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. కొత్త స్కాన్ కచ్చితత్వం 92 శాతం కాగా, పాత రెండు పరీక్షలూ కలిపి 65 శాతం మాత్రమే. రేడియేషన్ మోతాదు సైతం 19.2 మిల్లీసీవర్ట్‌లకు బదులు 8.4 మాత్రమే. మొదటి పరీక్షగా కొత్త స్కాన్ చేసినవారిలో 28 శాతం మందికి, పాత పరీక్షలు చేసినవారిలో 15 శాతం మందికి చికిత్సా ప్రణాళిక మారింది. అయితే ఈ అధ్యయనం ప్రధానంగా కొలిచినది స్కాన్ కచ్చితత్వాన్నే గాని రోగుల ఆయుష్షును కాదన్నది గమనార్హం.

స్కాన్‌కు పరిమితులు లేకపోలేదు. లాలాజల గ్రంథులు, మూత్రపిండాలు సహజంగానే ఆ పదార్థాన్ని గ్రహిస్తాయి. పక్కటెముకలలో కనిపించే చిన్న మచ్చలు అనేక సందర్భాలలో క్యాన్సర్ కావు. కొన్ని క్యాన్సర్లలో ఈ ప్రోటీన్ తగినంతగా ఉండదు; మిల్లీమీటర్ల పరిమాణంలోని కణసమూహాలు స్కాన్‌కు అందకపోవచ్చు. అందువలన అనుమానాస్పద మచ్చ ఒక్కటే ఉన్నప్పుడు, దాని ఆధారంగా చికిత్స మార్చే ముందు నిపుణులు వీలైనచోట బయాప్సీతో సరిచూసుకుంటారు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 డిసెంబరులో గాలియం-68 పి.ఎస్.ఎం.ఏ. ఔషధాన్ని ఆమోదించింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2022 జూలై నుంచి ఈ స్కాన్‌ను మెడికేర్ పథకంలో చేర్చింది.