జేజేలా? లెక్కలా?

సభ మొదలవుతుంది. కార్యదర్శిగారు లేచి, "ఈ సంవత్సరానికి ఫలానావారిని అధ్యక్షులుగా ఎన్నుకోవలసిందని ప్రతిపాదిస్తున్నాను" అంటారు. వెనక వరుసలోంచి మరొకరు లేచి, "బలపరుస్తున్నాను" అంటారు. చప్పట్లు మోగుతాయి. ఆ మోత ఆగకముందే అధ్యక్షులవారి మెడలో దండ పడుతుంది. వూరి గ్రంథాలయ సంఘం మొదలుకొని అపార్టుమెంటు సంఘం దాకా జరిగే తంతు ఇదే. "ఏకగ్రీవంగా ఎన్నికైనారు" అని మర్నాడు పత్రికలో పడుతుంది.

గ్రీవమంటే మెడ. అందరి తలలూ ఒకే మెడ మీద వున్నట్లు, అందరి మాటా ఒకే గొంతులోంచి వెలువడినట్లు అని ఆ పదానికి భావం. మాట ముచ్చటైనదే. కాని నూరుమంది చేరినచోట గొంతులన్నీ నిజంగా ఒకటైనవా, లేక తొంభైమంది కేకలో పదిమంది మాట మునిగిపోయిందా? ఈ ప్రశ్న నేటిది కాదు.

దశరథుని సందేహం

శ్రీరామునికి యౌవరాజ్య పట్టాభిషేకం చెయ్యదలచిన దశరథుడు తనంతట తానే ముహూర్తం పెట్టించలేదు. సామంత రాజులనూ, పురజనులనూ, జానపదులనూ సభకు పిలిపించి, తన ఆలోచన చెప్పి, ఇంతకన్న మేలైన దారి వుంటే చెప్పమన్నాడు. సభ హర్షధ్వానాలతో మారుమోగిపోయింది. అందరూ తమలో తాము ఆలోచించుకొని, రాముడే కావాలన్నారు.

మరొక రాజయితే అంతటితో సంతోషించి సభ చాలించేవాడు. దశరథుడు అలా చెయ్యలేదు. "నేను ధర్మంగానే పాలిస్తున్నాను గదా, మరి మీకు యువరాజు ఎందుకు కావలసి వచ్చాడు?" అన్న ధోరణిలో కారణం అడిగాడని వాల్మీకి రామాయణం అయోధ్యాకాండ చెబుతున్నది. అప్పుడు వారు రాముని గుణాలను ఒక్కొక్కటిగా వర్ణించారు. జేజేలు విన్న తరువాత కూడా 'ఎందుకు?' అని అడిగిన పెద్దమనిషి దశరథుడు. కేక వేయడం సులభం. కారణం చెప్పవలసి వచ్చినప్పుడే ఆలోచన బయటపడుతుంది.

చెవులతో ఎన్నిక

గ్రీకుల స్పార్టా నగరంలో ఈ కేకలనే ఎన్నికల పద్ధతిగా చేసుకొన్నారు. అక్కడి పెద్దల సభలో ఇద్దరు రాజులు కాక ఇరవై ఎనిమిదిమంది సభ్యులు వుండేవారు. అరవై ఏళ్లు దాటినవారికే ఆ అర్హత. ఖాళీ వచ్చినప్పుడు పోటీదారులు ఒక్కొక్కరే జనం ముందు నుంచి మౌనంగా నడచిపోయేవారు. జనం ఎవరికి తగినట్లు వారికి కేకలు వేసేవారు. న్యాయనిర్ణేతలు దగ్గరలోనే ఒక ఇంట్లో తలుపులు మూసుకొని కూర్చునేవారు. వారికి మనిషి కనపడడు, కేక మాత్రం వినపడుతుంది. ఎన్నోవారికి కేక పెద్దదో వారు చెబితే, ఆ మనిషే గెలిచినట్లు. ఈ వివరాలు ప్లూటార్కు రాసిపెట్టాడు. అరిస్టాటిల్ మాత్రం ఇది పిల్లచేష్ట అని తీసిపారేశాడు.

క్రీ.పూ. 432లో ఇంకొక విచిత్రం జరిగింది. ఏథెన్సువారు సంధిని ఉల్లంఘించారా, లేదా అని స్పార్టా సభలో చర్చ వచ్చింది. తొందర వద్దన్నాడు రాజు ఆర్కిడామస్. యుద్ధమే కావాలన్నాడు స్థెనెలాయిదస్ అనే అధికారి. ఓటు పెట్టినవాడూ అతడే. జనం కేకలు వేశారు. "ఏ కేక పెద్దదో నాకు తెలియడం లేదు. ఉల్లంఘించారనేవారు ఇటు, కాదనేవారు అటు నిలబడండి" అన్నాడతడు. అత్యధికులు యుద్ధం వైపే నిలిచారు. ఎవరెటు వున్నారో బాహాటంగా తేలిపోతే యుద్ధోత్సాహం మరింత పెరుగుతుందనే అతడలా చేశాడని చరిత్రకారుడు థూసిడిడీస్ భావించాడు. మరుసటి ఏడు మొదలైన ఆ యుద్ధం ఇరవై ఏడేళ్లు సాగింది.

కనుక తలలు లెక్కపెట్టినంత మాత్రాన సరిపోదు. నలుగురూ చూస్తుండగా వేరే పక్కకు నడిచిపోవాలంటే గుండె నిబ్బరం వుండాలి.

ఆ సంగతి మన దేశంలో బౌద్ధ భిక్షువులు బాగా గ్రహించారు. సంఘంలో ముఖ్యమైన విషయాన్ని మూడుసార్లు చదివి వినిపించేవారు. సమ్మతమైనవారు మౌనంగా వుండాలి, కానివారు మాట్లాడాలి. అంటే అక్కడ శ్రమపడి అరవవలసినవాడు ఒప్పుకొన్నవాడు కాదు. ఒప్పుకోనివాడికే సభ నిశ్శబ్దంగా దారి ఇచ్చేది. వివాదం తెగకపోతే రంగురంగుల పుల్లలు పంచి లెక్కపెట్టేవారు. ఆ పుల్లలను రహస్యంగా తీసుకొనే విధానం కూడా వినయపిటకంలో వున్నది.

ఎత్తిన చేతులు

చేతులెత్తి తీర్మానించే పద్ధతి స్విట్జర్లాండులో ఈనాటికీ వున్నది. అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న రాష్ట్రంలో ఏటా పౌరులు బహిరంగ స్థలంలో సమావేశమై తమ పాలకులను చేతులెత్తి ఎన్నుకొంటారు. ఎటు ఎక్కువ చేతులు లేచాయో కంటితోనే అంచనా కడతారు. చూడడానికి కన్నులపండువుగా వుంటుంది. అయితే 1990 ఏప్రిల్‌లో అక్కడి మగవారు అలా చేతులెత్తే, ఆడవారికి ఓటు హక్కు అక్కరలేదని తీర్మానించారు. తల్లులూ, భార్యలూ, కూతుళ్లూ ఆ వలయంలో లేనేలేరు! ఆ ఏడు నవంబరులో దేశపు అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్మానం చెల్లదన్న తరువాతనే, 1991లో వారు మొదటిసారిగా అక్కడ చెయ్యెత్తగలిగారు.

మూజువాణి

మన చట్టసభలలోనూ మొదటి మెట్టు కేకే. దానికి మనవారు మూజువాణి ఓటు అని పేరు పెట్టారు. నోటిమాటగా అని అర్థం. సభాపతి 'అవును' అనేవారినీ, 'కాదు' అనేవారినీ వేరువేరుగా అడిగి, తన చెవికి తోచిన ఫలితం చెబుతారు. ఎవరైనా దానిని కాదంటే లోక్‌సభలో గంట మోగించి, మూడున్నర నిమిషాలు ఆగి, మళ్లీ అడుగుతారు. అప్పటికీ తేలకపోతే ఓట్లు లెక్కించాలి. స్వతంత్ర భారతంలో తొలి లోక్‌సభ 1952లో తన స్పీకరును లెక్కపెట్టే ఎన్నుకొన్నది. మావలంకర్‌కు 394 ఓట్లు, ఆయన వద్దన్నవారివి 55. ఆ 55 మంది వల్ల ఆయన గౌరవానికి కొరతేమీ రాలేదు.

2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును లోక్‌సభ గందరగోళం మధ్య మూజువాణి ఓటుతో ఆమోదించింది. అప్పుడు టీవీలలో ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. కొందరికి అది చిరకాల స్వప్నం ఫలించిన రోజు, కొందరికి గుండె బరువెక్కిన రోజు. ఎవరి బాధ, ఎవరి సంతోషం ఎలా వున్నా, పేరుపేరునా ఓట్లు నమోదై వుంటే తరువాతి తరాలకు అది ఒక సాక్ష్యంగా నిలిచేది.

వూరి ఏకగ్రీవం

పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన పల్లెలలో ఏకగ్రీవం మాట వినపడుతుంది. కక్షలు లేకుండా వూరు ఒక్కమాట మీద నిలిస్తే అంతకన్న కావలసిందేమున్నది? ప్రభుత్వాలు ప్రోత్సాహక ధనం ప్రకటించింది అందుకే. కాని ఆ ఒక్కమాట రచ్చబండ దగ్గర అందరూ కూర్చుని అనుకొన్నదా, బెదిరించి అనిపించినదా, డబ్బుకు కొన్నదా అన్నది ముఖ్యం. సర్పంచి పదవికి వేలంపాటలు జరిగిన సందర్భాలున్నాయి. మహారాష్ట్రలో ఉమ్రాణే, ఖొండామళి అనే రెండు గ్రామాలలో ఇలాంటి వేలం సంగతి బయటపడగా, 2021 జనవరిలో అక్కడి రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ ఎన్నికలనే రద్దు చేసింది. దేవాలయానికో, వూరి అభివృద్ధికో ఆ సొమ్ము ఇస్తామన్నా, డబ్బు లేని మంచివాడు మొదటి పాటలోనే తప్పుకోవలసి వస్తుంది గదా!

ఇలా అన్నామని చప్పట్లు మానేయాలని కాదు. నచ్చిన మనిషిని చూసి పదిమందీ కలిసి సంతోషం తెలపడం ఎంతో సహజం. నాయకుడికీ అది బలం. అయితే చప్పట్లు ఉత్సాహాన్ని చెబుతాయే గాని సంఖ్యను చెప్పలేవు. ఎవరు భయపడి కొట్టారో, ఎవరు మొహమాటానికి కొట్టారో అసలే చెప్పలేవు. "లెక్కపెట్టండి" అని ఒక్కరు అడిగినా, ఆ ఒక్కరి మీద ఎవరూ కోపగించని సభలోనే ఏకగ్రీవానికి విలువ.

వచ్చే ఆదివారం మీ సంఘంలోనో, వీధిలోనో ఎన్నిక జరిగితే, "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగి వెంటనే చప్పట్లకు ఉపక్రమించకండి. ఒక నిమిషం ఆగండి. మూలన కూర్చున్న ముసలమ్మగారు ఏదో చెప్పబోతున్నారేమో!